రాయి లేని పసుపుమూట

శరదృతువు గతించి హేమంతము పొడసూపుచున్న యొకానొక ప్రాతఃకాలమున, బాలసూర్యకిరణారుణితములైన తరంగశిఖరములు తీరసైకతమున వెండినురుగుల యంచు కట్టి వెనుకకు మరలుచుండగా, వేటకు పోని నావలు తడియిసుకపై బోరగిలి గట్టుకు వచ్చిన పెద్దచేపలవలె మెఱయుచుండగా, ఆ నావల నీడలయందు గుల్లలపేట పల్లెకారులు తీరికగా కూరుచుండి వలల చిక్కులు తీయుచుండిరి. అది యమావాస్య. ఆ పల్లెలో అమావాస్యనాడు నావ దింపరు. మగవారికి వేట లేదు, ఆడువారికి చేపలగంప లేదు.

ఆ పల్లెయాడువారికి చుట్ట కాల్చు నలవాటు కలదు. నిప్పున్న కొనను నోటిలోపల నుంచుకొని కాల్తురు. దానిని అడ్డపొగ యందురు. సముద్రపుగాలికి చుట్ట యారకుండుటకై తల్లులనుండి కూతులకు వచ్చిన విద్య యది. అంగిటిలో పుండును ఆ విధముగనే వచ్చుచుండెను. ఆ పుండు కేన్సరని తెలిసి, పట్టణపు టాసుపత్రిలో కోయించుకొని, కరెంటని పల్లెవారనెడు కిరణచికిత్స చేయించుకొని, ప్రాణములతో మరలి వచ్చినవారు పల్లెలో తొమ్మండుగురుండిరి.

అట్లు వచ్చినవారు చేయు పని యొకటి కలదు. ఆసుపత్రి కాగితముల నన్నిటిని పసుపుగుడ్డలో మూటగట్టి, లోపల నొక రాయి వేసి, గంగమ్మకు మ్రొక్కి సముద్రములో విడుతురు. రాతితోకూడ రోగము నడుగునకు పోవుననియు, కాగితము ఇంట నున్నచో రోగము దారి వెదకికొని తిరిగి వచ్చుననియు వారి నమ్మకము. మూడునెలల కొకసారి వచ్చి చూపించుకొనుమని వైద్యులు వ్రాసి యిచ్చిన తేదీలును ఆ మూటలోనే పోవుచుండెను.

మైలపల్లి కొర్లయ్య వలలు కట్టు ముసలివాడు. దినమునకు పది మాటలాడిన నెక్కువ. అతని భార్య దాసమ్మ ఆసుపత్రినుండి బాగై వచ్చినప్పుడు ఆమె కాగితములను సముద్రములో విడిచినది అతని చేయియే. పదునాలుగు నెలలకు దవడక్రింద గడ్డ తేలెను. పాతకాగితము లేవి, ఇన్నాళ్లు రాకుండుటకు కారణమేమి యని డాక్టరు అడుగగా కొర్లయ్య నేలచూపులు చూచెను. ముందే వచ్చియున్నచో చిన్నకోతతో పోయెడిదని డాక్టరు చెప్పిన మాటను అతడు పల్లెలో నెవరికిని చెప్పలేదు. ఆ మాఘమాసమున దాసమ్మ పోయెను.

పెద్దకర్మ ముగిసిన మరునాడు కొర్లయ్య బస్సెక్కి పోయి, ఆసుపత్రిలో తేదీలు వ్రాయు నర్సు సుభాషిణి బల్లయెదుట నిలుచుండెను. గుల్లలపేటవారు ఎన్ని ఉత్తరములు వ్రాసినను రారని ఆమె విసుగుకొనెను. ఆసుపత్రివారు రమ్మను సోమవారము వారికి సంత, సంతకు పోనిదే పొయ్యి వెలుగదు, తేదీ యనిన తెలియదు కాని అమావాస్య తెలియని వారు లేరని కొర్లయ్య చెప్పెను. మూడమావాస్యల కొకసారి తొమ్మండుగురిని ఒక్కటే దినమున చూడవలెనని యడిగెను. సుభాషిణి డాక్టర్లను ఒప్పించుటకు రెండు వారములు పట్టెను. వేసవి గడిచి వానలు వెలిసినపిమ్మట పని మొదలయ్యెను. కొర్లయ్య తొమ్మిది యిండ్ల గుంజలకు వలత్రాడు కట్టి, త్రాటికి మూడేసి ముళ్లు వేసి, అమావాస్య కొక ముడి విప్పుడని, కడపటి ముడి విప్పిన దినమున బయలుదేరుడని చెప్పెను. ఆనాడు చేపలు లేక నిలిచియుండు చేపలవ్యానును కడిగించి సిద్ధము చేయించెను.

కడపటి ముడి విప్పవలసిన దినమే యీ యమావాస్య. ఎంత కడిగినను వ్యానులో నీచువాసన పోలేదు. డాక్టరుబాబు ముక్కు మూసుకొని మన నోళ్లు చూడవలెనని నవ్వుకొనుచు ఎనమండుగురెక్కిరి. కొర్లయ్యకు వరుసకు కోడలగు వాసుపల్లి రాజులమ్మ రాలేదు. కొర్లయ్య ఆమె యింటికి పోయెను. గుంజకు కట్టిన త్రాటికి మూడు ముళ్లును అట్లే యుండెను. ఆమె యరుగుమీద కూరుచుండి చల్లారిన గంజిని ఒకవైపు దవడతో మెల్లమెల్లగా మ్రింగుచుండెను. దాసమ్మయు కడపటి దినములలో అట్లే త్రాగెడిది.

"నానెల్లను మావా," అని రాజులమ్మ తల యెత్తకయే చెప్పెను. "మొక్కు తీర్సీసినాను. మూట గంగమ్మకి ఇచ్చీసినాను. ఇప్పుడు మళ్ళా ఆస్పత్రికెల్తే, తల్లీ, నీ మీద నమ్మకం నేదని సెప్పినట్టు కాదేటి?"

కొర్లయ్య తీరమువైపు చూచెను. అచ్చట ఆమె పెనిమిటి పలకలను త్రాటితో కుట్టిన తన నావను బోర్లించి, కుట్టుకుట్టును వ్రేళ్లతో తడుముచుండెను.

"నిన్న ఏట నుంచి నావ బాగానే వొచ్చింది గదా. ఆడెందుకు తడుముతున్నాడు?"

"తడమకపోతే ఎలాగ? నీరు దిగిపోదేటి."

"గంగమ్మ మీద నమ్మకం నేకనా?"

రాజులమ్మ గంజిగిన్నె క్రింద నుంచెను. కొర్లయ్య అరుగు చివర కూరుచుండెను. పిమ్మట డాక్టరు తనతో చెప్పిన మాటను తొలిసారి బయట పెట్టెను. "ముందే వొచ్చుంటే దాసమ్మకి సిన్నకోతతో పోయేదని డాట్రుబాబు సెప్పినాడు. దాని మూటలో రాయి నానే ఏసినాను, కోడలా. మంచి బరువైన రాయి. అది మునిగింది. గెడ్డ మునగనేదు."

ఆమె లేచి గుంజకడకు పోయి, మూడు ముళ్లను ఒకదాని వెంట నొకటి విప్పెను. వలకారుని ముడి, గోళ్లు నొచ్చెను. కొంత దూరము నడచి, కొంగున నున్న చుట్ట బండిలోనికి తేవచ్చునా యని యడిగెను. కొర్లయ్య దానిని తీసికొని తన చెవిపై పెట్టుకొనెను. మరల ఈయలేదు.

ఆసుపత్రిలో చూడగా రాజులమ్మ నోట పాతకోత యంచున పెసరగింజంత తెల్లమచ్చ యుండెను. డాక్టరు దానిని తీసి పరీక్షకు పంపెను. రోగము తొలిమెట్టులోనే దొరకినదని, వ్యాపింపలేదని, ఇక కొంతకాలము నెలనెల చూపించుకొనవలెనని పది దినములకు తెలిసెను.

ఆ కబురు వచ్చిన సాయంకాలము కొర్లయ్య క్రొత్తత్రాడు పట్టుకొని రాజులమ్మ యింటికి పోయెను. గూటిలో గంగమ్మ పటము ముందర పసుపుమూట కనబడెను. అతని యడుగు నిలిచిపోయెను. ఆమె పొయ్యికడనుండి చూచుచుండెను. అతడు మూటను చేతిలోనికి తీసికొని, బరువు చూచి, నావకుట్లు తడిమినట్లు నాలుగుమూలల వ్రేళ్లతో నొక్కి నొక్కి చూచెను. లోపల కాగితములు మాత్రమే యుండెను.

కొర్లయ్య మూటను మరల గూటిలో నుంచి, గుంజకు త్రాడు చుట్టి, ఒక్క ముడి వేసెను.