తలుపు తీసిన ఆవిడ

పొద్దున్నుంచీ మబ్బు పట్టి ఉంది. కురవదు, విడవదు. లాండ్రీ వెనక దండేల మీద వేసిన దుప్పట్లు మధ్యాహ్నమైనా ఆరలేదు. పని సాగక ఆడవాళ్లంతా ఇస్త్రీ గదిలో టీవీ ముందు చేరారు. బాయిలర్ చూసే తమ్ముడు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. కిటికీ పక్క బల్ల దగ్గరున్న అక్క అతన్ని చూసి తల తిప్పుకుంది. పలకరింపు ఆగిపోయి చాలా రోజులైంది.

అక్క మొగుడు పోయి ఒక్కతే గదిలో ఉంటున్న మనిషి. ఇస్త్రీ పెట్టెలు బాగుచేసే మెకానిక్ అక్కడికి రావడం మొదలుపెట్టాడు. "మీ వాళ్లకి నీ చాకిరీ కావాలి గాని నువ్వక్కర్లేదు" అని నూరిపోశాడు. ఈ ఆదివారం వేరే ఊరు తీసుకుపోతాడట. ఇంతకుముందు పనిచేసిన చోట ఇంకొకామెని ఇలాగే తీసుకెళ్లి బస్టాండులో వదిలేసి వచ్చాడని తమ్ముడికి తెలుసు. చెబితే అక్క నమ్మదనీ తెలుసు.

టీవీ సీరియల్లో ఒంటరిగా ఉండే ఒకావిడకి మాయమాటలు చెప్పి వాడుకుంటున్నవాడు మాత్రలు పట్టుకుని ఆవిడ తలుపు కొట్టాడు. జ్వరంతోనే లేచి ఆవిడ తలుపు తీసింది. "నేను కాక నీకెవరున్నారు?" అన్నాడు.

"వీడి మూతి మీద ఇస్త్రీ పెట్టెతో వాత పెట్టాలి," అంది లావుపాటామె.

"దానికి మాత్రం బుద్ధుండొద్దూ, పిన్నీ? ఎంతమంది చెప్పినా తలుపు తీస్తుంది," అంది పక్కనామె.

"నువ్విక్కణ్ణుంచి అరిస్తే దానికి వినపడుద్దేంటే," అంది లావుపాటామె.

అందరూ నవ్వారు.

అక్క టీవీ వైపు చూడకుండానే అంది: "బుద్ధుంది. వాడెలాంటివాడో కూడా తెలుసు. ఆ తలుపు కొట్టేది వాడొక్కడే."

లావుపాటామె లేచి టీవీ సౌండు తగ్గించింది. తమ్ముడు బాయిలర్ దగ్గరకి వెళ్లిపోయాడు.

సాయంత్రం భార్య సర్దిన క్యారేజీ పట్టుకుని వెళ్లి తమ్ముడు అక్క గది తలుపు కొట్టాడు. అక్క తీసింది. మెకానిక్ అప్పటికే మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"ఏంటి బామ్మర్దీ, దారి తప్పావా?" అని నవ్వాడు. "చూశావా, ఏదో పని పడుంటుంది," అన్నాడు అక్కతో.

"పనేం లేదు. అక్కతో కలిసి తిందామని వచ్చా. రేపూ వస్తా."

"ఆదివారం నుంచి ఈవిడ ఇక్కడుండదుగా."

బస్టాండు సంగతి తమ్ముడి నోటిదాకా వచ్చింది. మింగేసి గోడవారన చతికిలబడ్డాడు.

అక్క చాలాసేపు క్యారేజీకేసి చూసింది.

"నేను రాను," అంది మెకానిక్‌తో.

"నేనేమైపోయినా నీకు పర్లేదన్నమాట."

"అలిసిపోయానండీ. వెళ్లండి."

అతను చెప్పులు వేసుకుంటూ కాసేపు తచ్చాడాడు, పిలుస్తుందేమోనని. ఆమె క్యారేజీ విప్పుతోంది. అతను మెట్లు దిగి వెళ్లిపోయాడు.

గదిలో ఒకటే కంచం. అది తమ్ముడికి పెట్టి, తను క్యారేజీ గిన్నెలోనే అన్నం కలుపుకుంది. ఇద్దరూ కూర్చుని తిన్నారు.