ఇగ్వానాకి అద్దాల తలుపు

ప్రిసిల్లా జాలీ అంది, ఆషర్ అద్దం అన్నాడు. లాలాగూడలోని వాళ్ళ ఇంట్లో నవంబరు అంతా ఇదే గొడవ.

గొడవ కర్నల్ గురించి. కర్నల్ మగ ఇగ్వానా, ఉడుము లాంటి పెద్ద బల్లి. అరచేతిలో పట్టేంత ఉన్నప్పుడు, ఆషర్‌తో పెళ్ళికి ముందే ప్రిసిల్లా దాన్ని తెచ్చుకుంది. ఇప్పుడు తోకతో కలిపి ఐదడుగులు. పాత బోను సరిపోక వెనక గదంతా తిరుగుతూ కర్టెన్లు చింపుతోంది. ప్రిసిల్లా స్కూల్లో బయాలజీ టీచరు. ఆషర్ ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేస్తాడు కానీ ఇంట్లో మంచం, బల్ల అన్నీ అతని చేతిపనే. కొత్త బోను కూడా తానే చేస్తానన్నాడు. సామాను కోసం ఇద్దరూ కార్ఖానా బజారులో షాపులన్నీ తిరిగారు.

"కోళ్ల జాలీ వద్దు, దాని గోళ్ళు ఇరుక్కుంటయ్," అంది ప్రిసిల్లా. "ప్లాస్టిక్ పూత ఉన్నది తీస్కుందాం. మూడు దిక్కుల వాటర్‌ప్రూఫ్ ప్లై, ముందట జాలీ."

"జైలు లెక్క ఉంటది. క్రిస్మస్‌కి మావోళ్ళందరు వస్తరు. హాల్ల అద్దం పెడితే షోకేస్ లెక్క మంచిగుంటది."

"చలికాలం దానికి జత కట్టే టైం ఆషర్. అద్దంల దాని మొహం కనబడితే ఇంకో మగదనుకొని మీద పడ్తది."

"నాకు క్లాసు చెప్పకు. టఫెన్డ్ గ్లాస్ ఏస్తా, పగలదు."

"పగిలేది అద్దమా, దాని మొహమా?"

ప్రిసిల్లా పరీక్షల పనిలో పడిన వారంలో ఆషర్ బోను పూర్తిచేశాడు. టఫెన్డ్ గ్లాస్ పండగ తర్వాతే వస్తుందని షాపువాడు అంటే మామూలు అద్దం తెచ్చి తలుపుకు బిగించాడు. ఆ సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక కర్నల్‌ని అందులోకి వదిలాడు. లోపలి బల్బు వెలిగించగానే అద్దంలో ఇంకో ఇగ్వానా కనిపించింది. కర్నల్ గొంతు కింద తోలు విప్పి, తల పైకీ కిందికీ ఊపింది. అవతలిది కూడా ఊపింది. మరుక్షణం కర్నల్ దాని మీదికి దూకింది. మూతి అద్దానికి కొట్టుకుని చిట్లింది. వెనక్కి జరిగి మళ్ళీ కొట్టింది. అద్దం నిండా నెత్తురు పూసుకుంది.

"బల్బు తీసెయ్," అని అరుస్తూ ప్రిసిల్లా వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

ఆషర్ తలుపు తీసి చెయ్యి లోపల పెట్టాడు. కర్నల్ అతని బొటనవేలి పక్కన కండ పట్టుకుంది. రంపం లాంటి పళ్ళు లోపలికి దిగాయి. అతను గుంజిన కొద్దీ కండ చీలింది. తోక కొరడాలా వచ్చి కనుబొమ్మ మీద తగిలింది. కంట్లోకి నెత్తురు కారింది. బాధతో అతను రెండో చేత్తో తోక పట్టి లాగాడు. తోక సగానికి తెగి, అతని పిడికిట్లో గిలగిలా కొట్టుకుంది. కర్నల్ పట్టు వదిలింది. పట్టు వదిలిన దాన్ని ఎత్తి ఆషర్ తలుపుకేసి విసిరాడు. అద్దం ముక్కలై నేల మీద పడింది.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆషర్ పక్కనున్న పనిముట్లలోంచి సుత్తి తీసుకున్నాడు. మొదటి దెబ్బ వెనక కాలి మీద పడింది. రెండోది తల మీదికి ఎత్తాడు.

బోను పనిలో మిగిలి, గోడకి ఆనించిన ఇనుప యాంగిల్ కడ్డీ ముక్క ప్రిసిల్లా చేతికి దొరికింది. ఉన్న బలమంతా పెట్టి కొట్టింది. అతని ముంజేయి ఎముక విరిగిన చప్పుడు ఇద్దరికీ వినిపించింది. సుత్తి జారిపోయింది. అయినా ఆమె ఆగలేదు. భుజం మీద ఇంకొకటి వేసింది. మూడోసారి ఎత్తినప్పుడు అతను గోడకి ఒదిగి, మంచి చెయ్యి తలకి అడ్డం పెట్టుకుని కనిపించాడు. అప్పుడు గానీ ఆమె చేతిలోది కింద పడెయ్యలేదు.

కర్నల్‌ని తువ్వాలులో చుట్టి బుట్టలో పెట్టింది. తర్వాత ఆషర్ చేతికి చున్నీ కట్టింది. అతన్ని ఆటో ఎక్కించింది.

"ఎట్లయింది?" అని ఆసుపత్రిలో డాక్టరు అడిగాడు.

"నిచ్చెన మీదికెల్లి పడ్డ," అన్నాడు ఆషర్.

"కాదు డాక్టర్. నేనే కొట్టిన," అంది ప్రిసిల్లా.

డాక్టరు రాయడం ఆపి ఇద్దర్నీ చూశాడు. "మరి పోలీసులకి చెప్పాలె."

"వద్దు సార్. నా చేతిల సుత సుత్తి ఉండె," అన్నాడు ఆషర్, ఆమె వైపు చూడకుండా.

డాక్టరు ఇక పోలీసుల మాట ఎత్తలేదు. పిండికట్టు వేయించుకుని ఆషర్ ఏ.ఎస్. రావు నగర్‌లో తల్లి దగ్గరికి వెళ్ళిపోయాడు. పండక్కీ రాలేదు. పశువుల డాక్టరు కర్నల్ కాలికి కట్టు వేశాడు కానీ అది వంకరగానే అతుక్కుంది. తోక దగ్గర నల్లటి మొలక ఒకటి వచ్చింది. బోనుకి ప్రిసిల్లా తానే జాలీ బిగించింది. సుత్తి ముట్టుకోలేదు. మేకులు మానేసి స్క్రూలు వాడింది.

చేతి కట్టు విప్పాక ఒక సాయంత్రం ఆషర్ బ్యాగుతో వచ్చాడు. అతన్ని చూడగానే కర్నల్ బోనులోని కొమ్మ మీద ఒళ్ళు ఉబ్బించింది. అతను జాలీకి దూరంగా నిలబడ్డాడు.

"మస్తు నొచ్చింది ప్రిస్సీ. అంతకంటే ఎక్కువ భయమైంది."

"నాక్కూడా. నీకే కాదు, నేనంటే నాకు సుత భయమైంది."

"ఇంకోసారి చెయ్యెత్తుతవా?"

"తెల్వదు. నువ్వు?"

అతనికీ తెలియలేదు. బ్యాగు భుజం మార్చుకుని, చెప్పులు విడిచి లోపలి గదిలోకి వెళ్ళాడు. ప్రిసిల్లా అతనికి అన్నం పెట్టడానికి లేచింది.