ఉయ్యాల సీను

కీబోర్డుల సందుల్లో ఇరుక్కున్న పకోడీ ముక్కల్ని అగ్గిపుల్లతో తియ్యడంతో నాకు తెల్లవారేది. అరకు మెయిన్ రోడ్డు మీద మా ఆయన గణపతిరావు మూడు కంప్యూటర్లు పెట్టి వీడియో గేముల షాపు తెరిచాడు. ఓనరు ఆయన. ఊడవడం, తుడవడం, వచ్చినవాళ్లకి టీలు కాచి అందించడం ఇంటిపని కిందే లెక్క, కాబట్టి అవి నావి.

ఆ వేసవిలో విశాఖ నుంచి దెయ్యాల ఆట సీడీ తెచ్చాడు. పాడుబడ్డ ఆస్పత్రి, చీకటి వసారా, చివర్న ఉయ్యాల. దగ్గరికి వెళ్లగానే పసిపిల్ల గుక్కపట్టి ఏడ్చి, చటుక్కున ఆగిపోతుంది. నా పిల్లా అలాగే ఆగిపోయింది, పేరు పెట్టకముందే. ఆ ఏడుపు మొదటిసారి విన్నప్పుడు, పిల్ల పోయి ఏడాది దాటినా, రొమ్ముల్లో పాలు పొంగినట్టు నొప్పి లేచింది. నేను ఆట మానేయమనలేదు. ఆ సీను వచ్చేముందు ఒక్క మాట చెప్పండి, బయటికెళ్లి నిలబడతానన్నాను.

“ముందే సెప్పేత్తే భయమేటుంటాది? మజా అంతా పోద్ది,” అన్నాడు. ఆటని ఆటలా చూడ్డం నేర్చుకోమన్నాడు. పోయినదాన్ని పట్టుకుని ఎన్నాళ్లు వేలాడతావని మా అత్తగారు ఫోన్లో అంది. షాపు తలుపు మీద మాత్రం ‘గుండె జబ్బు ఉన్నవారు ఆడరాదు’ అని ఎర్ర రంగుతో రాయించాడు. బేరం పెరుగుతుందంటే హెచ్చరిక మంచిదే అన్నమాట. అది చూసి కుర్రాళ్లు ఇంకా ఎగబడ్డారు.

తర్వాత నేను టీ తెచ్చినప్పుడల్లా ఆ ఏడుపే. నా ఖర్మ అనుకున్నాను. ఒకరోజు గ్లాసులు చేజారి వేడి టీ కాళ్ల మీద పడింది. టూరుకొచ్చిన కుర్రాళ్లు పగలబడి నవ్వారు. వాళ్లలో ఒకడు మా ఆయనతో అన్నాడు: “మీరు చెప్పినట్టే ఆవిడ వచ్చేదాకా ఉయ్యాల దగ్గరే ఆగాను గురూగారూ.”

మా ఆయనా నవ్వుతున్నాడు.

విస్తళ్లు కుట్టే అడ్డాకులు అమ్మడానికి కొండమీది గూడెం నుంచి వచ్చిన అచ్చియమ్మ గుమ్మంలోంచి అంతా చూసింది. నన్ను పెరట్లోకి తీసుకెళ్లి, కాళ్ల మీద చన్నీళ్లు పోస్తూ అంది: “మాకాడ దెయ్యం కత మొదలెట్టేముందు, పిల్లలు పోయినోల్లుంటే లెగిసి ఎల్లండని ముసిలోల్లు సెప్తారమ్మా. నీకెవులూ సెప్పనేదా?”

లేదన్నాను. పెళ్లప్పుడూ ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఆయన స్నానానికి వెళ్లగానే సంచిలో రెండు చీరలు పెట్టుకుని, అక్క ఇంటికని ఎస్.కోట బస్సెక్కాను. అనంతగిరి ఘాట్ దిగుతుంటే కాళ్ల బొబ్బలు భగ్గుమన్నాయి. ఈపాటికి ఆయన వంటింట్లోకి వచ్చి, టీ ఏదని కేకేస్తూ ఉంటాడు.

వెళ్తున్నానని ముందే చెప్పలేదు.