ఎనిమిదిన్నర పంటు

నేను ఒక బొమ్మను. రేవులో గోదావరి దాటించే పంటు ఏ వేళకు బయలుదేరుతుందో రాసి ఉన్న బొమ్మను. నన్ను తయారుచేసినవాడు సత్తిపండు. రేవు వెబ్‌సైటు చూసుకునేది అతనే. సైటు నత్తనడక నడుస్తోందని జనం దుమ్మెత్తిపోస్తుంటే అతనొక ఉపాయం చేశాడు. సైటు ఒకసారి చూసినవారి ఫోన్‌లోనే నన్ను దాచేసి, ఏడాదిదాకా దీన్నే చూపించు, మళ్లీ సైటును అడగక్కర్లేదు అని నా వెనక ఒక చీటీ అంటించాడు.

అలా ఏసుమణి ఫోన్‌లోకి వచ్చి పడ్డాను. ఆమె ఇవతలి ఒడ్డున రొయ్యల చెరువుల దగ్గర పని చేస్తుంది. నది దాటే అవసరం ఎప్పుడో గాని రాదు. సిగ్నల్ ఒక్క గీతే ఉన్నా, వేలు తాకగానే నేను ప్రత్యక్షం. "అబ్బ, ఎంత తొందరగా వచ్చేత్తందో!" అని మురిసిపోయేది. నేనూ మురిసిపోయాను. ఆ పొగరే ఆమె కొంప ముంచింది.

అయిదు నెలలకు వేళలు మారాయి. ఎనిమిదిన్నర పంటు ఎత్తేశారు. సత్తిపండు కొత్త బొమ్మ చేసి, దానికీ నా పేరే పెట్టి సైటులో ఎక్కించాడు. పేరు మార్చి ఉంటే ఫోన్లన్నీ కొత్తదాన్ని తెచ్చుకునేవి. తన కంప్యూటర్‌లో మాత్రం ఇలా దాచుకునే అలవాటు అతను ఎప్పుడో ఆపేసుకున్నాడు. అందుకే అతనికి కొత్తదే కనిపించింది. పనైపోయిందనుకుని టీ తాగడానికి వెళ్లాడు.

ఆ తర్వాత పదిరోజులకు, ఒక సోమవారం, ఏసుమణికి అవతలి ఒడ్డు పట్నంలో అంగన్‌వాడీ టీచరు ఉద్యోగానికి ఇంటర్వ్యూ. పది గంటలకు. ఆ వచ్చే ఆదివారంతో ఆమెకు ముప్ఫై అయిదు నిండుతాయి, ఇక దరఖాస్తు పెట్టుకోనివ్వరు. ఇస్త్రీ చీర కట్టుకుని ఎనిమిదింపావుకే రేవుకు వచ్చింది. రేవులో పంటు లేదు.

"ఎనిమిదిన్నర పంటు ఏదండీ?" అని టీకొట్టు పెద్దాయన్ని అడిగింది.

"అది ఎత్తేసి పదిరోజులైందమ్మా. ఏడున్నరది ఎల్లిపోయింది. ఇంక తొమ్మిదిన్నరకే."

"అయ్యో, ఇదిగో, ఫోన్లో ఉంది కదండీ!"

నన్ను చూపించింది. పేజీ మూసి మళ్లీ తెరిచింది. నాలుగుసార్లు తెరిచింది. కొత్త బొమ్మ ఉందా అని ఎవరూ సైటును అడగనే లేదు, నాలుగుసార్లూ నేనే ఎగేసుకుంటూ వచ్చాను. ఒక్కసారైనా ఆలస్యం చేశానా? సిగ్గులేనిదాన్ని. ఆమె అక్కడికి చేరేసరికి పదకొండు. పేరు పిలిచి, రాలేదని రాసేసుకున్నారట.

మర్నాడు సత్తిపండుకు ఫోన్ చూపించింది.

"తప్పు నాదే అక్కా," అంటూ అప్పటికప్పుడు కొత్త బొమ్మ పేరు మార్చాడు.

"పోనీలే తమ్ముడూ. నేనే ఇంకో గంట ముందు రావాల్సింది," అంది ఏసుమణి.

తిట్టి ఉంటే బాగుండేది. ఇప్పుడామె సైటు తెరిస్తే కొత్త బొమ్మే వస్తుంది. నేనింకా లోపలే ఉన్నాను, ఎవరూ పిలవరు. నా చీటీ మీద గడువు ఇంకా ఆరు నెలల పైనే ఉంది. ఆమె గడువు మొన్న ఆదివారంతో అయిపోయింది.