వంతు నిద్ర

బిస్కెట్ల ఫ్యాక్టరీలో పెద్ద పొయ్యి పగుళ్ళిచ్చింది. అది బాగయ్యేదాకా ఎవరూ రానక్కర్లేదని మేనేజరు గేటు దగ్గర నిలబడి చెప్పాడు. ప్యాకింగు బల్ల దగ్గరి ఆడవాళ్ళు ముందు గుండెలు బాదుకున్నారు. జీతం కోయరని తెలిశాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వరసగా రెండు రోజులు ఖాళీగా కూర్చోవడం ఎరగని మనుషులు. సెలవంటే ఏం చేయాలో ఎవరికీ తోచలేదు.

పట్నం పోదామన్నది వదిన. ఆమె ఎవరికి వదినో ఎవరికీ తెలియదు, ఫ్యాక్టరీలో అందరికీ వదినే. పొయ్యి నోటి దగ్గర నిలబడి కాలే ట్రేలు బయటికి లాగడం ఆమె పని. సెగకి మోచేతుల కింద ఒక్క వెంట్రుక మొలవదు.

“పట్నంలో ఆకాశమంత మేడ ఉందంటగా, పైన వరండాలో నిలబడితే గాలికి మనిషి ఊగిపోతాడంట,” అంది. “ఒక్కసారి అక్కడ నిలబడాలే పెద్దక్కా. బతుకంతా నిప్పుల ముందే తెల్లారిపోయింది.”

పెద్దక్క ప్యాకింగు బల్లకి పెద్ద. మొగుడు పోయాడు, పిల్లలు లేరు, ఆ బల్లే ఆమెకి సంసారం. ఎవరు ఏ పక్క నిలబడాలో, ఎవరి చెయ్యి నొప్పిగా ఉందో, ఎవరింట్లో గొడవో అన్నీ ఆమెకి తెలుసు. అన్నిటికన్నా ముఖ్యంగా నిద్ర వంతులు ఆమె చేతిలో ఉండేవి.

ఆ ఫ్యాక్టరీలో చీకటితో పని మొదలైతే సాయంత్రం దాకా కూర్చునే వీలుండదు. మధ్యాహ్నం దాటేసరికి నిలబడ్డవాళ్ళు నిలబడ్డట్టే తూలుతారు. అందుకని మైదా బస్తాల వెనక అట్టపెట్టెలు పరిచి ఒక పడక ఏర్పాటు చేసుకున్నారు. రోజుకి ఒకరిద్దరు వంతు ప్రకారం అక్కడ కాసేపు కన్ను మూస్తారు. వాళ్ళ పని మిగతావాళ్ళు పంచుకుంటారు. దీనికి ఒకటే కట్టుబాటు. వంతు తీసుకున్న మనిషిని మధ్యలో ఎవరూ లేపకూడదు. ఒకసారి సూపర్‌వైజరు వచ్చి “ఆమె ఏదీ?” అని అడిగితే ఒకరు బాత్రూమన్నారు, ఒకరు గోడౌనన్నారు, వాగుడుకాయ ఏకంగా “పురిటికెళ్ళింది సార్” అంది. ఆ పడుకున్నామెకి అప్పటికే మనవలున్నారు.

వాగుడుకాయంటే లేబుళ్ళు అంటించే పిల్ల. పిల్లేమిటి, నలభై దాటాయి. నోరు మాత్రం ఇంకా పెరుగుతూనే ఉంది. పట్నం అనగానే అందరికన్నా ముందు సంచి సర్దింది తనే. మిగతావాళ్ళకి ఇళ్ళల్లో కుదరలేదు. ముగ్గురే తేలారు.

వదిన కూతురు మాత్రం ఒప్పుకోలేదు. ఆ అమ్మాయి బట్టలు కుడుతుంది. మెషిను మీంచి కాలు తీయకుండానే పెద్దక్కతో అంది.

“పెద్దమ్మా, అమ్మకి బీపీ ఎక్కువైంది. మొన్న గుమ్మం దగ్గర కళ్ళు తిరిగి కూలబడింది. డాక్టరుకి చూపించాక వెళ్ళమను. మేడ ఎక్కడికీ పారిపోదుగా.”

“పొయ్యి మళ్ళీ పగలదే తల్లీ,” అంది పెద్దక్క. “నా కళ్ళ ముందే ఉంటుంది. మందులు నేను మింగిస్తాను. తీసుకెళ్ళినదాన్ని తీసుకురాలేనా?”

ఆ మాట మీద ఆ అమ్మాయి ఊరుకుంది. పెద్దక్క మాటంటే ఆ ఇంట్లో అంత విలువ.

పట్నంలో దిగిన సాయంత్రమంతా నవ్వులే. బస చేసిన గదిలో మంచాలు మెత్తగా ఉన్నాయి. వాగుడుకాయ వాటి మీద ఎగిరి ఎగిరి కూర్చుని “ఇంత మెత్తగా ఉంటే మొగుడి మీద కోపం ఎలా వస్తుందే?” అంది. కింది వీధిలో బళ్ళ హోరు కిటికీ అద్దానికి తగిలి సన్నగా వినిపిస్తోంది. వదిన ఆ కిటికీ దగ్గరే కూర్చుని తల నొక్కుకుంటూ మేడ ఏ పక్కనుంటుందో అని చూసింది.

మర్నాడు ఉదయం కూతురు ఫోను చేసింది. మందులు వేసుకున్నావా అని అడిగితే వదిన వేసుకున్నానంది. తల నొప్పిగా ఉందని కూడా నోరు జారింది. అంతే, ఆ పక్కన కూతురు అరుపు గదంతా వినిపించింది. “నా మాట ఎప్పుడు విన్నావు నువ్వు? ఏమన్నా అయితే నా దగ్గరికి రాకు!” వదిన ఫోను పెట్టేసి నవ్వింది. “నా కడుపున పుట్టి నాకు అత్తగారైంది చూశారా!”

మేడ దగ్గరికి పోయేదారిలో కదిలే మెట్లున్న దుకాణంలోంచి నడవాల్సొచ్చింది. ఆ మెట్లు దిగుతుంటే వదిన ఎడమ కాలి చెప్పు జారి వెనకెక్కడో పడిపోయింది. నాలుగడుగులు నడిచినా ఆమెకి తెలియలేదు. వాగుడుకాయ చెప్పు పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. “ఏం వదినా, పట్నానికి ఒక చెప్పు చదివించావా?” ముగ్గురూ పగలబడి నవ్వారు. వదిన నవ్వులో మూతి కొంచెం ఒక పక్కకి లాగినట్టుంది. దానిక్కూడా నవ్వారు.

మేడ కింద పెద్ద హాలు. చల్లగా ఉంది. గోడ పొడుగునా బెంచీలు. పైకి పోయే టికెట్ల మీద వేళ వేసి ఉంది, అది దాటితే పంపరట. భోజనం చేసి వచ్చి లిఫ్టు వరసలో నిలబడబోతుంటే వదిన బెంచీ మీద కూర్చుండిపోయింది.

“పెద్దక్కా, నాకు వంతు ఇవ్వవే,” అంది. మాట ముద్దగా వచ్చింది. “కళ్ళు నిలవడం లేదు.”

“ఇప్పుడా? మేడ ఎక్కాలని అంత గోల చేసి?”

“మీరు చూసి రండి. నేను తర్వాత...”

ఆ మేడ కోసమే వచ్చిన మనిషి దాన్ని ఒదులుకుంటోందంటే పెద్దక్కకి అనుమానం రావాల్సింది. రాలేదు. వంతు అడిగిన మనిషిని ఎందుకని అడగడం వాళ్ళ బల్ల దగ్గర ఎప్పుడూ లేదు. అడిగిందంటే ఒళ్ళు ఓపలేకే. పెద్దక్క తన శాలువా మడిచి తలకింద పెట్టింది. చేతిసంచి పొట్ట దగ్గర పెట్టి, వదిన చున్నీతోనే మొహం మీద వెలుగు పడకుండా కప్పింది. బస్తాల వెనక రోజూ చేసే పనే.

పైన గాలి నిజంగానే మనిషిని ఊపేసింది. ఇళ్ళన్నీ ట్రేలో పేర్చినట్టున్నాయి. వాగుడుకాయ ఫోనుతో ఫోటోలు తీసింది. “వదినకి చూపించి ఏడిపించాలి,” అంది. పెద్దక్కకి మాత్రం మనసు కింద బెంచీ మీదే ఉంది. అయితే అది భయం కాదు. పాపం, ఇంత గాలి ఆమెకి దక్కలేదే అని.

దిగి వచ్చేసరికి వదిన బెంచీ దగ్గర గార్డు నిలబడి ఉన్నాడు. భుజం తట్టబోతున్నాడు.

వాగుడుకాయ దూరం నుంచే అందుకుంది. “ఏయ్, ఏం చేస్తున్నావు?”

“ఇక్కడ పడుకోకూడదమ్మా. లేవమన్నా లేవడం లేదు.”

“ఎందుకు లేస్తుంది? తెల్లారకముందు నుంచి నిప్పు దగ్గర నిలబడే మనిషి. నీ బెంచీ ఏమన్నా అరిగిపోయిందా? మీ అమ్మయితే ఇలాగే కుదిపేస్తావా?”

“రూలమ్మా అది.”

“మాకూ ఉంది రూలు,” అంది పెద్దక్క. నెమ్మదిగానే అంది. ఆ నెమ్మదికే సూపర్‌వైజర్లు వెనక్కి తగ్గేవాళ్ళు. గార్డు కూడా తగ్గాడు. కాసేపట్లో తీసుకెళ్ళిపోండని గొణుక్కుంటూ వెళ్ళాడు.

ఇద్దరూ వదినకి చెరో పక్కన కూర్చున్నారు, కాపలా ఉన్నట్టు. చున్నీ కింద నుంచి గురక వస్తోంది. వదిన ఎప్పుడూ గురక పెట్టేది కాదు. ఇప్పుడేమో గొంతులో బండి కదిలినట్టు పెద్దగా, లోతుగా.

“చల్లగాలికి వదినలో మొగాడు నిద్ర లేచాడే,” అని వాగుడుకాయ చెవిలో అంటే పెద్దక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. దగ్గర్లో పిల్లలు ఆడుతూ కేకలేస్తుంటే వేలు చూపించి అదిలించింది. ఎవరో ఆవిడ “బాగానే ఉందా ఆమె?” అని అడిగితే, “అలసిపోయిందమ్మా, అంతే,” అని చెప్పి పంపేసింది. అలా చాలాసేపు కూర్చున్నారు. ఇన్నేళ్ళలో వదిన ఇంత గాఢంగా పడుకోవడం చూడలేదని పెద్దక్కకి తృప్తిగా కూడా అనిపించింది.

బయట ఎండ వాలాక, ఇక చాలులే అని చున్నీ తీసింది. వదిన మూతి ఒక పక్కకి జారి చొంగతో శాలువా తడిసిపోయి ఉంది. ఒక కన్ను సగం తెరిచి ఉంది. ఆ కన్ను ఎవర్నీ చూడడం లేదు.

వాగుడుకాయ పెట్టిన కేకకి ముందు పరుగెత్తుకొచ్చింది ఆ గార్డే.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఇద్దర్నీ ఒక మూలకి పిలిచింది. “చివరిసారి ఈమె మామూలుగా మాట్లాడింది ఎప్పుడు?”

పెద్దక్క చెప్పింది. మధ్యాహ్నం భోజనమయ్యాక.

“అప్పట్నుంచీ ఎవరూ పక్కన లేరా?”

“ఉన్నాం.”

డాక్టరమ్మ వాళ్ళని అదో రకంగా చూసింది. తలలో నరం చిట్లిందనీ, వెంటనే తీసుకొచ్చి ఉంటే ఆపరేషన్ చేసి చూసేవాళ్ళమనీ, ఇప్పుడు రక్తం నిండిపోయిందనీ చెప్పింది. తిట్టలేదు. తిట్టి ఉంటే పెద్దక్కకి కొంచెం ఊపిరాడేది.

కూతురు బయల్దేరిందని ఫోను వచ్చాక వాగుడుకాయ పెద్దక్క చెయ్యి పట్టుకుని వరండా చివరికి లాక్కెళ్ళింది. మొహం పాలిపోయి ఉంది.

“అక్కా, నే చెప్పేది విను. ఉన్నట్టుండి పడిపోయింది, వెంటనే ఎత్తుకొచ్చాం. అంతే. ఇంకో మాట ఒద్దు.”

“గార్డు చూశాడు కదే.”

“గార్డు ఆ పిల్లకి కనిపించబోతాడా? అసలు సంగతి తెలిస్తే ఆమె మనల్ని బతకనిస్తుందా? వదిన ఎలాగూ లేవదు. మనమెందుకు మునగడం?”

పెద్దక్క తడిసిన శాలువా మడిచి సంచిలో పెట్టుకుంది.

కూతురు వచ్చేసరికి సూదిపోట్లకి చుట్టుకునే గుడ్డపీలిక వేలికి అలాగే ఉంది. తల్లిని చూసి బయటికొచ్చి బల్ల మీద కూలబడింది. వాగుడుకాయ గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. మేడ ముందు నిలబడి నవ్వుతూ నవ్వుతూ పడిపోయిందని, చిటికెలో బండెక్కించామని. అబద్ధమైనా కళ్ళల్లో నీళ్ళు నిజమైనవే.

ఆ అమ్మాయి అంతా విని పెద్దక్క ఒళ్ళో తల పెట్టింది.

“నావల్లే పెద్దమ్మా. పొద్దున్న ఫోనులో అరిచాను. ఏమన్నా అయితే నా దగ్గరికి రాకన్నాను. ఆ మాటకే నరం తెగింది. నా నోరు పడిపోను. నేనే చంపుకున్నాను మా అమ్మని.”

“కాదే తల్లీ.”

“కాకపోతే ఇంకేంటి? నవ్వుతున్న మనిషి ఊరికే పడిపోతుందా? మనసులో పెట్టుకుని నవ్వింది. నాకు తెలుసు మా అమ్మ సంగతి.”

వాగుడుకాయ పెద్దక్క వైపు వద్దన్నట్టు చూసింది. పెద్దక్క ఆ అమ్మాయి జుట్టు నిమిరింది. ఈ పిల్ల వయసు ఇంకా ఎంతని. ఈ మాట మోస్తూ ఎన్నేళ్ళు మెషిను తొక్కాలి?

“నీ ఫోను పెట్టేసి మీ అమ్మ నవ్వింది,” అంది. “నా కడుపున పుట్టి నాకు అత్తగారైందంది. నిన్ను చూసి మురిసిపోయిందే. నీ మాటకి కాదు. ఆమె పడిపోలేదు. నిద్ర వస్తోందని పడుకుంది. మేం లేపలేదు.”

ఆ అమ్మాయి తల ఎత్తింది. పెద్దక్క మొదటి నుంచి చివరిదాకా చెప్పింది. చెప్పు జారడం, మాట ముద్దగా రావడం, మేడ ఎక్కి రావడం, గార్డుని పొమ్మనడం.

“గార్డు లేపబోయాడా?”

“లేపబోయాడు. మేమే ఆపాం.”

“నిద్రలో ఏమన్నా అందా?”

“లేదు. గురక పెట్టింది.”

“గట్టిగానా?”

“గట్టిగానే,” అంది పెద్దక్క. “మేం నవ్వుకున్నాం.”

ఆ అమ్మాయి లేచి నిలబడింది. అరవలేదు. వేలికున్న పీలిక విప్పి మళ్ళీ చుట్టుకుంది.

“మీరు ఇక లోపలికి రాకండి,” అంది. పుట్టి బుద్ధెరిగాక పెద్దక్కని ఆ పిల్ల ‘మీరు’ అనడం అదే మొదలు.

ఆ రాత్రి ఇద్దరూ కింద మెట్ల దగ్గర కూర్చున్నారు. తెల్లారుతుండగా వదిన పోయింది. ఆ సంగతి వాళ్ళకి చెప్పింది నర్సు, అదీ వాగుడుకాయ వెళ్ళి అడిగితే. అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే డ్రైవరు “ఇంకా ఇద్దరికి చోటుందమ్మా, మీవాళ్ళేనా?” అని వాళ్ళ వైపు చూపించాడు. కూతురు అటు చూడకుండానే “అక్కర్లేదు, పోనివ్వండి,” అంది. తలుపు లోపల నుంచి తనే లాక్కుంది.

గదికి వెళ్ళి సంచులు సర్దుకున్నారు. వదిన సంచి కూడా పెద్దక్కే సర్దింది. అందులో కూతురికోసం కొన్న దారపు ఉండలున్నాయి.

“చెప్పకుండా ఉంటే పోయేది,” అంది వాగుడుకాయ, అద్దం వైపు తిరిగి. “ఆ పిల్లకి ఏడవడానికి మనమన్నా మిగిలేవాళ్ళం.”

“తనే చంపుకున్నానని ఏడ్చేది.”

“ఏడిస్తే ఏడ్చేది. ఏడుపు ఎప్పటికైనా ఆగుద్ది. రేపు ఫ్యాక్టరీలో నా మొహం ఎక్కడ పెట్టుకోను? నీకు మొగుడా పిల్లలా, నీకేం పోయింది?”

పెద్దక్క వదిన సంచి భుజానికి తగిలించుకుంది.

బస్సులో వాగుడుకాయ ముందుకి వెళ్ళి ఎవరో ముసలామె పక్కన కూర్చుంది. పెద్దక్క వెనక సీటులో వదిన సంచి పక్కన పెట్టుకుని కూర్చుంది. మూడు టికెట్లూ ముందే తీసినవి. కండక్టరు వచ్చి చూసి, “మూడో ఆమె ఏదమ్మా?” అన్నాడు.

“రాదు.”

“అయితే సంచి తీసి కింద పెట్టు. నిలబడ్డవాళ్ళున్నారు.”

సంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. లావుపాటి మనిషొకడు వచ్చి ఆ సీటులో కూలబడ్డాడు. ఊరు దాటకముందే తల వెనక్కి వాల్చి నిద్రపోయాడు. నోరు తెరిచి గురక మొదలుపెట్టాడు. పెద్దక్క కాసేపు ఓర్చుకుంది. తర్వాత అతని భుజం పట్టి కుదిపింది.

“ఏంటమ్మా?” అని ఉలిక్కిపడి లేచాడతను.

“ఏం లేదు నాయనా,” అంది పెద్దక్క.

అతను విసుక్కుని మళ్ళీ కళ్ళు మూశాడు. గురక మొదలవగానే ఆమె మళ్ళీ కుదిపింది. మూడోసారికి అతను నోటికొచ్చినట్టు తిట్టి లేచి ఇంకో చోటికి పోయాడు. బస్సులో వాళ్ళంతా వెనక్కి తిరిగి చూశారు. వాగుడుకాయ తిరగలేదు.