ముందుకు రండి

నేను ఒక ఆజ్ఞను. ఆజ్ఞ అనగానే రాజముద్రా దండోరా ఊహించుకోకండి. నరసరావుపేటలో పెళ్లి కార్డులు అచ్చువేసే ఒక ప్రెస్సులో, కంప్యూటర్ కడుపులో పడివున్న నాలుగు పంక్తుల రాతను. నాలో ఇనుము లేదు, చెక్క లేదు, పట్టుకుందామంటే పిడి లేదు. నా దుమ్ము దులిపినవాళ్లూ లేరు, కిందపడేసి సొట్టపెట్టినవాళ్లూ లేరు. ఆకారమే లేనిదానికి ఆత్మకథ ఏమిటని మీరు అడగవచ్చు. ఆత్మకు మాత్రం ఆకారం ఉందా అని నేను అడుగుతాను.

ముందు నా పని చెబుతాను. కంప్యూటర్ తెరమీద ఒక్కో పని ఒక్కో గడిలో తెరుచుకుంటుంది. దాన్ని విండో అంటారు. కార్డు ఒక విండోలో, కార్డులు వేయించుకునే పార్టీవాళ్లు పేర్లు రాసి పంపిన కాగితం ఫోటో ఇంకో విండోలో, వినాయకుడి బొమ్మలు మరోదాంట్లో. పెళ్లి భోజనాల దగ్గర జనంలా అన్నీ ఒకదానిమీద ఒకటి పడుతుంటాయి. లోకమంతా మౌసుతో వాటి నెత్తి పట్టుకుని ఈడుస్తుంది. నా దగ్గర ఆ ఈడ్పులాట లేదు. ఒక నల్లటి గడిలో మాట టైపు చేసి ఎంటర్ నొక్కితే చాలు, పిలిచిన విండో ముందుకొస్తుంది, వద్దన్నది తప్పుకుంటుంది.

నేను పుట్టింది ఒక చేతి కోసం. ఆ ప్రెస్సులో కార్డులు కూర్చే ఖాదర్ వలీ కుడిచెయ్యి అది.

సీసం అక్షరాలు ఒక్కొక్కటే ఏరి పేర్చే రోజుల్లో వలీ పనిలో చేరాడు. అవి పోయి కంప్యూటర్ వస్తే అదీ నేర్చుకున్నాడు. యాభై దాటాక కుడిచెయ్యి వణకడం మొదలుపెట్టింది. టైపు చేయడానికి ఇబ్బంది లేదు, మీట చూసుకుని నింపాదిగా నొక్కితే పడుతుంది. మౌసు పట్టుకుంటే మాత్రం తెరమీద బాణం గుర్తుకు చలిజ్వరం వచ్చేది. ఈ సంగతి యజమానురాలు సామ్రాజ్యమ్మగారికి తెలిస్తే తనను కుర్చీలోంచి లేపేస్తుందని వలీ భయం. ఆ కుర్చీలో చేసే పని తప్ప అతనికి ఇంకో విద్య రాదు. ఈ వయసులో కొత్తగా పిలిచి పని ఇచ్చేవాళ్లూ లేరు.

ఒక వైశాఖంలో ఆ చెయ్యి కొంప ముంచినంత పని చేసింది. పెళ్లి కార్డును ఎవరూ మొదటినుంచీ కూర్చరు. జరిగిపోయిన పెళ్లి కార్డు తెరిచి, పాత పేర్లు చెరిపి కొత్త పేర్లు వేస్తారు. ఆరోజు తెరమీద రెండు కార్డులు ఒకదానివెనుక ఒకటి ఉన్నాయి. చెయ్యి వణికి, నొక్కు వెనక కార్డుమీద పడింది. వలీ చూసుకోకుండా పేరు కొట్టేశాడు. మాచవరం పెళ్లికొడుకు వెళ్లి చిలకలూరిపేట పెళ్లికూతురి పక్కన కూర్చున్నాడు. కార్డులన్నీ అచ్చయి, పసుపు రాయడానికి ఇంటికి చేరాక గానీ ఎవరికీ తెలియలేదు.

పెళ్లికూతురి మేనమామ కార్డు పట్టుకుని వచ్చాడు. "మా పిల్లని ఎవరికి చేత్తన్నారయ్యా మీరు? ఆ అబ్బాయి ఏం పని చేత్తాడో అదన్నా చెప్పండి" అని అడిగాడు.

మిషన్ దగ్గరవాళ్లు నవ్వారు. వలీ నవ్వలేదు. "కళ్లద్దాలు మార్పించుకోవాలమ్మా" అన్నాడు సామ్రాజ్యమ్మగారితో, కుడిచెయ్యి జేబులో పెట్టుకుని. ఆవిడ ఆ జేబు వైపు ఒకసారి చూసి, కార్డులు మళ్లీ వేయమని చెప్పి లోపలికి వెళ్లిపోయింది.

వలీ చెల్లెలి కూతురు నస్రీన్ గుంటూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తుంది. ఆదివారం వచ్చినప్పుడు వలీ ఆమె ఒక్కదానితోనే నిజం చెప్పాడు. ఆమె కాసేపు ఆ చేతిని తన రెండు చేతుల్లో పట్టుకుని కూర్చుంది. తర్వాత కంప్యూటర్ ముందుకు జరిగింది. "మౌసెందుకు మావయ్యా? నువ్వు మాట చెప్పు, అయ్యే జరుగుతయ్యి" అంది. అలా పుట్టాను నేను.

వలీ వేళ్లకు తెలుగే అలవాటు కనుక తెలుగు మాటలే పెట్టింది. ముందుకు రా, పక్కకు పో, దాక్కో. వలీ మొహం చిట్లించాడు.

"అట్టా అనగూడదమ్మా. పని చేసిపెట్టేదాన్ని రా, పో అంటావా?"

"అది కంప్యూటర్ మావయ్యా!"

"అయితే మాత్రం?"

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని నమ్మే మనిషి మరి. నస్రీన్ నవ్వుకుంటూ అన్నీ మార్చింది. ముందుకు రండి, పక్కకు జరగండి, కాసేపు దాక్కోండి. ఆ నల్ల తెరకు తెలుగు వత్తులు సరిగా పేర్చడం చేతకాదు, అవి పక్కకు జారిపోయేవి. అయినా నాకు అర్థమయ్యేది. ఇంత మర్యాదగా పిలిపించుకున్న విండోలు ఈ భూమ్మీద ఇంకెక్కడా ఉండవని నా గర్వం.

'పెళ్లి' అని మరో మాట కూడా ఉండేది. అది కొడితే పార్టీవాళ్ల కాగితం ఎడమవైపు, ఆ ఒక్క కార్డు కుడివైపు నిలబడి, మిగతావన్నీ కనబడకుండా పోయేవి. బొమ్మల్ని వలీ బాణం మీటలతో కొంచెం కొంచెంగా జరుపుకునేవాడు. మౌసు వైరు చుట్టి సొరుగులో పడేశాడు. నేను వచ్చాక ఆ ప్రెస్సులో ఏ పెళ్లికొడుకూ దారి తప్పలేదు. నల్ల తెరమీద టకటకా కొడుతుంటే చూసి, ఇతగాడు బ్యాంకుల్లో డబ్బు లాగే రకమేమోనని కుర్చీ వెనక్కి జరుపుకున్న పార్టీ కూడా ఒకాయన ఉన్నాడు. మనుషులకు అర్థంకానిదల్లా దొంగతనంలాగే కనిపిస్తుంది కాబోలు.

కొన్నేళ్లకు తెర మిణుకుమిణుకుమంటోందని సామ్రాజ్యమ్మగారు కొత్త కంప్యూటర్ కొన్నది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. షాపువాడు పాతదాంట్లో ఉన్నవన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాడు, నన్ను కూడా. కానీ అక్కడ రాజ్యాంగం వేరు. ఒకడి విండోను ఇంకొకడు ముట్టుకోరాదట, భద్రత కోసమట. తప్పు పట్టను. లోకంలో అందరూ నాలాంటి మర్యాదస్తులు కారు. పాత పెట్టెను చిత్తు కాగితాల మూటలతోపాటు మెట్ల కింద పెట్టారు, పాత సామాన్లవాడు వస్తే ఇచ్చేద్దామని. అలా నేను రెండు చోట్లా ఉన్నాను. ఒకచోట కరెంటు ఉండీ మాట చెల్లదు, ఒకచోట మాట చెల్లేదే గానీ కరెంటు లేదు.

వలీ 'ముందుకు రండి' కొట్టాడు. ఒక్క విండో కదల్లేదు. మళ్లీ కొట్టాడు. పక్కన పార్టీ వేచివుంది, వెనకాల సామ్రాజ్యమ్మగారు నిలబడివుంది. గత్యంతరం లేక కొత్త మౌసు పట్టుకున్నాడు. బాణం తెరంతా చిందులేసింది. అప్పుడతను చెయ్యి జేబులో పెట్టుకోలేదు, బల్లమీదే వదిలేశాడు.

"నా వల్ల కాదమ్మా. చెయ్యి వణుకుద్ది. ఎప్పట్నించో వణుకుద్ది. మీకు అబద్ధం చెప్పా."

"తెలుసులే" అంది ఆవిడ. "కళ్లద్దాలు మార్చుకోవాలన్నావు, ఈనాటిదాకా అయ్యే కళ్లద్దాలు పెట్టుకొస్తన్నావు. నాకు కళ్లు లేవనుకున్నావా వలీ?"

"మరి అడగలేదేందమ్మా?"

"నువ్వు దాచుకున్నదాన్ని నేను లాగటమెందుకు? కార్డులు సరిగానే వస్తన్నయ్యి గదా." అని, మిషన్ వైపు తిరిగి, "ఆ మెట్ల కింద పెట్టె ఇట్టా తీసుకురండి" అని కేకవేసింది.

నాకు మళ్లీ కరెంటు వచ్చింది. ఆరోజు నేను పడ్డ సంతోషం మీకు చెప్పలేను.

కానీ వణుకు అక్కడ ఆగే జబ్బు కాదు. మెల్లగా మీటలమీదికీ వచ్చింది. ఒక అక్షరం కొట్టబోతే మూడు పడేవి. తప్పు మాట వస్తే 'అలాంటి ఆజ్ఞ లేదు' అనడం తప్ప నాకు వేరే జవాబు రాదు. ఆ మనిషితో పదేపదే ఆ మాట అనాల్సివచ్చినందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఒక మధ్యాహ్నం సామ్రాజ్యమ్మగారు స్టూలు లాక్కుని అతని పక్కన కూర్చుంది. కంప్యూటర్ ముట్టుకోవడం ఆవిడకు అదే మొదలు. "నువ్వు చెప్పు, నేను కొడతా" అంది. ఒక్కో అక్షరం వెతికి వెతికి 'ముందుకు రా' అని కొట్టింది. అలాంటి ఆజ్ఞ లేదన్నాను.

"ఏందంట దీని పొగరు?"

"రండి అనాలమ్మా."

"నేను కొన్న పెట్టెను నేను అండీ అనాలా?"

వలీ పగలబడి నవ్వాడు. అతను నవ్వి చాలా రోజులైంది. ఆవిడ గొణుక్కుంటూనే 'రండి' అని కొట్టింది. విండో వచ్చింది. అప్పట్నుంచి అతను చూసి చెబుతాడు, ఆవిడ కొడుతుంది. పేరులో ఒక్క పొల్లు తప్పినా అతని కంట పడకుండా పోదు.

మొన్న పొద్దున వలీ ఆలస్యంగా వచ్చాడు. లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. "అమ్మా, ఇంక నేను రానమ్మా. నాకోసం మీరు గుమాస్తా పని చెయ్యటం బాగలేదు. ఆ కుర్చీలో ఇంకెవర్నన్నా పెట్టుకోండి" అన్నాడు.

సామ్రాజ్యమ్మగారు స్టూలుమీద కూర్చుని ఉంది. పక్కన కుర్చీ ఖాళీగా ఉంది. ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని 'వలీ, నువ్వు' అనడం తప్ప ఇంకోలా పిలవగా నేను వినలేదు. తెరమీంచి చూపు తిప్పకుండానే అంది.

"ముందుకు రండి."

మీటలమీద ఆవిడ వేళ్లు కదల్లేదు. ఎంటర్ చప్పుడు కాలేదు. అది నాకిచ్చిన ఆజ్ఞ కాదు.

వలీ చెప్పులు విడిచి లోపలికొచ్చి, తన కుర్చీలో కూర్చున్నాడు.