నాలుగో పేజీ

రెండు, పదికి రెండు, అయినా రెండంటే సున్నా కాదు కదా, సున్నాలు వేసినవాళ్ళనీ చూశాను, పోయినేడు ఈ కమిటీలోనే ఒకాయన వరసగా మూడింటికి సున్నాలు పెట్టి భోజనానికి అందరికంటే ముందు లేచాడు, ఆయన్నెవరూ పల్లెత్తు మాట అనలేదు, మరి నాకెందుకీ దడ, తెర మీద పదకొండో వరుసలో ఇందాకటిదాకా ఉన్న నల్లపట్టీ తీసేశారు, పేరు బయటపడింది, తాబేలు, అంటే అక్కడ తాబేలని లేదు, తల్లిదండ్రులు పెట్టిన పేరే ఇంటిపేరుతో సహా ఉంది, కానీ పద్దెనిమిదేళ్ళుగా నాకు వాడు తాబేలే, నా మొదటి శిష్యుడు, ఏ ప్రశ్న అడిగినా రెండ్రోజుల తర్వాత వచ్చి జవాబు చెప్పేవాడు, అప్పటికి ప్రశ్న నేనే మర్చిపోయేదాన్ని, ఎంత తాబేలువిరా నాయనా అంటే నవ్వేవాడు, ఇప్పుడు జుట్టు నెరిసిందేమో, ఏమో, నాకేం తెలుసు, ఈ దరఖాస్తు వాడిదని మాత్రం నాకెలా తెలుస్తుంది, పేర్లూ విశ్వవిద్యాలయాలూ అన్నీ నల్లగా కొట్టేసే కదా పంపేది, ఒక్కో దరఖాస్తు ఐదుగురం చదువుతాం, ఎవరిదో తెలియకుండా పదికి మార్కులు వేస్తాం, అదీ పద్ధతి, సర్కారువారు కంప్యూటర్ల పరిశోధన ఒక్కదానికి పదేళ్ళు డబ్బివ్వడమంటే మాటలా, అందుకే పదిమందికే ఇస్తారు, సగటు కట్టి వరుసలో పెట్టి పదో పేరు కింద ఆఫీసరమ్మ ఎర్రగీత గీస్తుంది, పైనున్నవాళ్ళకి పదేళ్ళ నిశ్చింత, కిందివాళ్ళకి మర్యాదగా ఒక ఉత్తరం, పదోవాడికి ఏడు పాయింట్ నాలుగు, తాబేలుకి ఏడు పాయింట్ రెండు, తొమ్మిది, తొమ్మిది, ఎనిమిది, ఎనిమిది, రెండు, ఆ రెండు నాది, అది తీసేస్తే ఎనిమిదిన్నర, మూడో వరుసకి పోతాడు, ఈ లెక్క నేను వెయ్యలేదు, కళ్ళు వేసుకున్నాయి.

ఏసీ గాలి సరిగ్గా నా మెడ మీదే కొడుతోంది, పక్క కుర్చీలో బట్టతలాయన బిస్కెట్టు కాఫీలో ముంచి సగం కప్పులోనే పోగొట్టుకున్నాడు, చెంచాతో వెతుకుతున్నాడు, మేడమ్ ఈ పదకొండోవాడెవరండీ పాపం, వెంట్రుకవాసిలో పోయింది, నేను తొమ్మిదిచ్చాను తెలుసా, ఎవరో మహానుభావులు రెండు వేశారు, ఎవరై ఉంటారంటారు అని నా చెవిలో, ఎవరో మనకెందుకండీ, కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను, ఎంత తేలిగ్గా అన్నాను, గొంతు కూడా వణకలేదు, పాతికేళ్ళు పాఠాలు చెప్పిన గొంతు కదా, అయినా శిష్యుడైతే ఏమిటట, నిబంధనలు నేనూ చదివాను, పట్టా పుచ్చుకుని పదేళ్ళు దాటితే గురుశిష్యులన్న పట్టింపు లేదు, వాడు పుచ్చుకుని పన్నెండేళ్ళు, నేను గదిలోంచి లేచి వెళ్ళక్కర్లేదు, తప్పేం లేదు, తప్పు ఉంటే గింటే ఆ చిన్న గడిలో ఉంది, మార్కుల కాగితం అడుగున ఒక గడి ఉంటుంది, ఈ దరఖాస్తు ఎవరిదో నేను గుర్తుపట్టలేదని ధ్రువీకరిస్తున్నాను అని, అక్కడ టిక్కు పెడితేనే మార్కులు లోపలికి పోతాయి, గుర్తుపడితే టిక్కు పెట్టకుండా వెనక్కి పంపాలి, వేరేవాళ్ళకిస్తారు, అంతే, అందులో నామోషీ ఏం లేదు, ఈ ఏడాదే రెండు వెనక్కి పంపాను, వాటి సంగతి నాకు రెండో పేజీలోనే తెలిసిపోయింది, వాక్యం నడక చూసే చెప్పేస్తాను ఎవరిదో, ఆ మాట నేనే నలుగురిలో గొప్పగా చెప్పుకుంటాను, మరి ఇది తెలియలేదా, తెలియలేదు, నలభై దరఖాస్తులు, కళ్ళు బైర్లు కమ్మితే ఎవరికి మాత్రం తెలుస్తుంది.

ఆ దరఖాస్తులో ఉన్న యంత్రం నాది, అంటే మొదట నాది, ఇరవయ్యొక్కేళ్ళ కిందట మొదలుపెట్టాను, అందరి యంత్రాలూ తప్పు చెయ్యగానే మనిషి వచ్చి దిద్దుతాడు, నా యంత్రాన్ని దిద్దకూడదు, తప్పు చేసుకుంటూ చేసుకుంటూ అదే తెలుసుకోవాలి, ఎన్నేళ్ళు పడితే అన్నేళ్ళు, కరెంటు మాత్రం ఆగకూడదు, ఆగితే తెలుసుకున్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది, మళ్ళీ అ ఆల దగ్గరికే, మా ఆయనకి ఎంత చెప్పినా ఎక్కేది కాదు, ఆయన లిఫ్టుల ఇంజనీరు, నా లిఫ్టు తప్పులు చేస్తూ నేర్చుకుంటానంటే ఈ ఊళ్ళో మనుషులు మిగలరే అనేవాడు, మనుషులు ఎక్కకుండా పదేళ్ళు తిప్పండి అంటే, ఎవడిస్తాడే పదేళ్ళు ఖాళీ లిఫ్టు తిప్పడానికి డబ్బులు అనేవాడు, నిజమే, ఎవడూ ఇవ్వలేదు, నేనూ ఇలాంటి కమిటీకే రాశాను, ఉత్తరం వచ్చింది, ఆశయం గొప్పదే గానీ మధ్యలో చూపించదగ్గ ఫలితాలు లేవు అని ఒక్క వాక్యం, మూడేళ్ళు నడిచిన యంత్రం ఆగిపోయింది, కమిటీవాళ్ళు ఆపేశారు, ఈ కథ నేను ఎన్ని సభల్లో చెప్పానో, చెప్పిన ప్రతిసారీ చప్పట్లే, కుర్రవాళ్ళు వచ్చి చెయ్యి పట్టుకుని మేడమ్ మీకు ఎంత అన్యాయం జరిగిందండీ అనేవాళ్ళు, ఆ తర్వాత బతకాలి కదా, ట్రాఫిక్ సిగ్నళ్ళ లెక్కల్లోకి దిగాను, మూడేళ్ళ పని, ఆరు నెలలకో ఫలితం, అడిగిందల్లా ఇచ్చారు, పేరొచ్చింది, కుర్చీ వచ్చింది, ఆ కుర్చీలోనే ఇప్పుడు కూర్చున్నాను, మెడ మీద గాలి కొడుతోంది.

ఆదివారం పొద్దున చదివాను దాన్ని, భోజనాల బల్ల మీద, మా ఆయన ఎదురుగా కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు, మొదటి మూడు పేజీలు మామూలే, నాలుగో పేజీ చివర ఉంది, పదేళ్ళపాటు ఈ యంత్రం ఏ పనీ సరిగ్గా చెయ్యదు, ఆ పదేళ్ళూ దాన్ని సరిదిద్దకుండా ఊరుకోవడమే ఈ పరిశోధన, అంతే ఆ వాక్యం, నేను లేచాను, వంటింట్లోకి వెళ్ళి కప్పు కడిగాను, అది కడిగిన కప్పే, మళ్ళీ కడిగాను, మా ఆయన అక్కణ్ణించే ఏమైందే, మొహం అలా పాలిపోయిందేం అన్నాడు, ఏం లేదండీ, ఎవడో పిచ్చివాడు పదేళ్ళు ఏమీ చెయ్యను, డబ్బులివ్వండి అంటున్నాడు అన్నాను, ఆయన పకపకా నవ్వి, నీలాంటివాడే అన్నమాట అన్నాడు, నేనూ నవ్వాను, నవ్వి వచ్చి కూర్చుని తొమ్మిదో పేజీకి వెళ్ళాను, అక్కడ ఉంది, ఈ యంత్రం ఆరేళ్ళుగా ఒక్క క్షణం ఆగకుండా నడుస్తోంది, గ్రాంటు రాకపోతే ఆ మరుసటి నెల మొదటి తారీఖున గది ఖాళీ చెయ్యమన్నారు, ఆపేస్తే ఆరేళ్ళు నేర్చుకున్నదంతా పోతుంది అని, ఇదంతా చదివి, ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివి, రెండు పెట్టాను, కింద రాశాను, ఆశయం గొప్పదే గానీ మధ్యలో చూపించదగ్గ ఫలితాలు లేవు, ఆ ఉత్తరం ఇంకా నా సొరుగులో అడుగున ఉంది, సొరుగు తియ్యలేదు, తియ్యకుండానే మక్కీకి మక్కీ రాశాను, టిక్కు పెట్టాను, మధ్యాహ్నం కడుపునిండా తిని పడుకున్నాను, నిద్ర పట్టింది కూడా, అదే విచిత్రం.

గుర్తుపట్టలేదట, ఎవరితో చెప్తున్నానీ కబుర్లు, ప్రతి కొత్త సంవత్సరానికీ వాడి దగ్గర్నించి ఫోనుకి మెసేజీ వస్తుంది, నమస్కారం మేడమ్, ఇంకా తప్పులే చేస్తోందండీ, బాగా చేస్తోంది, ఆరేళ్ళుగా అదే మాట, సంతోషం అని ఒక్క ముక్క పంపేదాన్ని, ఏం చేస్తోందిరా, ఎలా ఉందిరా అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు, ఈసారి కొత్త సంవత్సరం దాకా ఆగలేదు వాడు, రెండు నెలల కిందట వచ్చింది, మేడమ్, నిన్న మొదటిసారిగా, ఒకసారి చేసిన తప్పు మళ్ళీ చెయ్యలేదండీ, దానంతటదే, మేమెవరం ముట్టుకోలేదు, మొదట మీకే చెప్తున్నాను అని, దానికి సంతోషం అని కూడా రాయలేదు, ఫోను బోర్లా పెట్టాను, ఆ తర్వాత రెండు వారాలకి ఈ దరఖాస్తు నా చేతికొచ్చింది, నాలుగో పేజీలో ఆ వాక్యం, అది నా వాక్యం, నా పాత దరఖాస్తులో నేను రాసుకున్నది, వాడు ఒక్క మాట మార్చలేదు, గురువుగారి మాట కదా అని అలాగే ఉంచినట్టున్నాడు, పిచ్చి సన్నాసి, మార్చి ఉంటే, ఏమో, మార్చినా గుర్తుపట్టేదాన్ని, వాడు దగ్గితే గుర్తుపడతాను నేను.

ఆఫీసరమ్మ గొంతు సవరించుకుంది, ఎర్ర గీత గీసేముందు ప్రతిసారీ చదివే కాగితమే చదువుతోంది, సార్లూ మేడమ్‌లూ ఒక్క నిమిషం, ఏ దరఖాస్తునైనా చదివేటప్పుడే ఎవరిదో గుర్తుపట్టినవాళ్ళుంటే ఇప్పుడైనా చెప్పొచ్చండీ, ఆ మార్కులు తీసేసి సగటు మళ్ళీ వేస్తాం, గీత పడ్డాక మాత్రం కుదరదండీ, చైర్మన్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు, బట్టతలాయన, ఈ ఆకలికి మమ్మల్ని మేమే గుర్తుపట్టట్లేదు తల్లీ, గీసెయ్ అన్నాడు, అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, ఒక్క మాట, అమ్మా పదకొండోది నాకు తెలుసు, తెలిసే టిక్కు పెట్టాను, అంతే, ఈ మాటకి ఎంతసేపు పడుతుంది, ఎనిమిదిన్నర అవుతుంది, మూడో వరుసకి పోతాడు, గదిలో యంత్రం నడుస్తూనే ఉంటుంది, నన్ను కమిటీలోంచి తీసేస్తారు, సంజాయిషీ అడుగుతారు, రేపటికల్లా అన్ని విశ్వవిద్యాలయాల్లో గుప్పుమంటుంది, ఫలానా ఆవిడ తన శిష్యుడికి తానే గొయ్యి తవ్వింది అని, అననీ, అంటే ఏం పోయింది, నాకు రిటైరుమెంటు ఇంకా నాలుగేళ్ళే, తొమ్మిదోవాడికీ పదోవాడికీ ఉన్న అర్హతేమిటి, వాళ్ళవి మూడేళ్ళలో అయిపోయే పనులే, పదేళ్ళకి సాగదీసి రాశారు, ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, నోరు తెరిచాను, నిజంగానే తెరిచాను, ఆఫీసరమ్మ నావైపు తిరిగింది, మేడమ్ మీరేమైనా అన్నారాండీ, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు నా చెయ్యి మెడ మీదికి పోయింది, లేదమ్మా, ఈ గాలికి దగ్గు అన్నాను, అయ్యో అని ఆవిడ లేచి వెళ్ళి ఏసీ తగ్గించింది, ఎంత మంచి మనిషి, తిరిగొచ్చి కూర్చుంది, గీత పడింది.

ఏసీ హోరు తగ్గుతూ వస్తోంది, యంత్రంలో ఫాన్లు ఆగేటప్పుడు వచ్చే చప్పుడు ఇదే, పైనుంచి కిందికి దిగుతూ దిగుతూ సన్నబడిపోయే చప్పుడు, ఆ రోజూ ఇలాగే, పొద్దున ఉత్తరం వచ్చింది, మధ్యాహ్నం గదికి వెళ్ళాను, తాబేలు నేల మీద కూర్చుని యంత్రం చేసిన తప్పులు నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు, అప్పటికి వాడు చేరి ఆరు నెలలు, ఉత్తరం చూపించాను, చదివి, రెండ్రోజుల తర్వాత జవాబు చెప్పే మనిషి ఆ రోజు వెంటనే అన్నాడు, మేడమ్, గదీ కరెంటూ ఇంకా ఐదు నెలలు ఉన్నాయి కదండీ, ఒక్క రోజు ఆగండి, పొద్దున్నించీ ఏదో వింతగా చేస్తోంది, ఐదు నెలలు, అవును, ఐదు నెలలు ఉంది, ఆ సంగతి నేను ఏ సభలోనూ చెప్పలేదు, చాల్లేరా, అయిపోయింది అన్నాను, వాడు లేచి నిలబడ్డాడు, అడ్డం రాలేదు, గురువు కదా, నేను మీట నొక్కాను, ఎవరూ నొక్కమనలేదు, ఎదురుచూడ్డం నావల్ల కాలేదు, అంతే, వాడు ఆరేళ్ళు ఎదురుచూశాడు, వాడి యంత్రం తనంతట తనే నేర్చుకుంది, నాకు కుళ్ళు పుట్టింది, ఎన్ని పేర్లు పెట్టుకున్నా అది కుళ్ళే, బట్టతలాయన పదండి మేడమ్ భోజనానికి, ఇక్కడ అన్నం చల్లారితే నోట పెట్టలేం అంటున్నాడు, వస్తున్నానండీ, మీరు పదండి, వారంలో వాడికి ఉత్తరం వెళ్తుంది, అందులో నా వాక్యం ఉంటుంది, నాకొచ్చిన వాక్యమే అని వాడికి వెంటనే తెలుస్తుంది, ఆ ఉత్తరం చదివింది మేమిద్దరమే కదా, అయినా నన్ను అనుమానించడు, వాడికా బుద్ధి లేదు, నాకే మొదట ఫోను చేస్తాడు, మీకు జరిగినట్టే జరిగింది మేడమ్ అంటాడు, అవునురా, అచ్చం అలాగే జరిగింది, అప్పుడూ ఆపింది కమిటీ కాదు, ఇప్పుడూ కాదు, రెండుసార్లూ నేనే.